సైట్ మట్టి ఎక్కడికి పోతది? పగడపు దిబ్బల ముచ్చట

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలనే కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాం. డ్యూటీలో వినడం కుదరనివాళ్ళు బస్సులో చదువుకోవచ్చు.)

నేను అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రం మోరిస్‌విల్ నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్. ఇక్కడికి రాకముందు గల్ఫ్‌లో చేసినోణ్ణే. మీ ఎండ నాకు తెలుసు, మీ క్యాంపు పప్పు రుచి కూడా తెలుసు.

ఈసారి పగడపు దిబ్బల మీద మాట్లాడతా అనంగనే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఇక్కడ మాకు జీతమే టైముకు వస్తలేదు, నువ్వేమో సముద్రంల రాళ్ళ గురించి చెప్తానంటున్నవ్." న్యాయమైన మాటే తమ్మీ. కానీ ఒక్క సంగతి ఆలోచించు. సముద్రం ఒడ్డున పోర్టు కట్టేది ఎవరు? సముద్రంలో మట్టి పోసి దీవి లేపేది ఎవరు? రాళ్ళ కట్ట వేసేది, కాంక్రీటు పోసేది ఎవరు? ప్లాన్ ఎవరిదైనా చేతులు మనయే. పగడపు దిబ్బలను చంపేవాటిలో పెద్దది ఎండ వేడి, అది మన చేతిలో లేదు. ఇంకొకటి మట్టి. అది మాత్రం మన సైట్ గేటులోంచే బయటికి పోతది.

ముందు పగడం అంటే ఏందో చెప్పుకుందాం. చాలామంది రాయి అనుకుంటారు, కొందరు చెట్టు అనుకుంటారు. అది జంతువు. బియ్యపు గింజంత ఉండే ప్రాణులు వేలకు వేలు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని, కింద సున్నపురాయి గూడు కట్టుకుంటూ పోతాయి. పాతది చచ్చినా గూడు ఉంటది, దాని మీద కొత్తది కట్టుకుంటది. మన భాషలో చెప్పాలంటే రాత్రింబవళ్ళు ఆగని మేస్త్రీలు. కాకపోతే బండలాగ పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి, అంతే. మనిషంత ఎత్తు దిబ్బను చూశారంటే, దాని పని మీ తాతముత్తాతల కంటే ముందే మొదలైందన్నట్టు. సముద్రం అడుగులో ఈ దిబ్బలు ఉన్నది ఒక్క శాతం జాగాలో కూడా కాదు. అయినా సముద్రంలోని జీవుల రకాల్లో నాలుగో వంతు వాటిని ఆనుకునే బతుకుతాయి. మీరు శుక్రవారం మార్కెట్లో కొనే హమూర్ చేప కూడా ఇసుంటి చోట్ల ఉంటది.

ఇంట్లో ఆడవాళ్ళు అడుగుతారు గనక చెప్తున్నా. పుస్తెలతాడులో నల్లపూసల పక్కన గుచ్చుకునే ఎర్ర పగడం, జ్యోతిష్కుడు కుజుడికి పెట్టుకోమనే పగడం వేరే జాతి. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో లోతున దొరికేది. దిబ్బలు కట్టే పగడం అది కాదు. చుట్టాలే అనుకోండి.

ఇంక అసలు సంగతి. దిబ్బ కట్టే పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటది. ఆ నాచు ఎండ వెలుగుతో తిండి వండి పగడానికి పెడుతది. పగడానికి అందే శక్తిలో ఎక్కువ భాగం ఆ వంటదే. అంటే నీళ్ళు తేటగా ఉండాలి, వెలుగు అడుగుదాకా దిగాలి. నీళ్ళు బురదయితే వంట బంద్. పైనుంచి ఒండ్రు పడితే పగడం జిగురు కార్చి దులుపుకుంటది. కొంచెం పడితే దులుపుకుంటది, రోజూ పడితే దులుపుకునే దాంట్లోనే ఉన్న ఓపికంతా అయిపోతది. ఇంకో సంగతి, పగడం పిల్ల నీళ్ళలో తేలుతూ వచ్చి గట్టి రాయి వెతుక్కుని కూర్చుంటది. రాయి మీద మెత్తటి మడ్డి ఉంటే దానికి కాలు ఆనదు. అంటే పెద్దవాటి ఊపిరి తీసేదీ బురదే, పిల్లలను నిలవనియ్యందీ బురదే.

దీనికి సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన ఆంధ్ర తీరం చూడండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అంత పొడుగు తీరం ఉంది, వెచ్చటి సముద్రమే, కానీ లక్షద్వీప్‌లో లాగ, అండమాన్‌లో లాగ పెద్ద పగడపు దిబ్బలు లేవు. ఎందుకంటే గోదావరి, కృష్ణ. వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర గోదారి ఎర్రగా ఎట్ల ఉంటదో చూసినవాళ్ళకు చెప్పే పని లేదు. ఆ ఒండ్రంతా, ఆ మంచినీళ్ళన్నీ పోయి బంగాళాఖాతంలో పడతాయి. ఆ ఒండ్రే కోనసీమను చేసింది, మనకు అన్నం పెట్టింది. పగడానికి మాత్రం అది పడదు. నదుల మూతులకు దూరంగా, విశాఖ పక్కన పూడిమడక దగ్గర నీళ్ళలోకి దిగి చూసినవాళ్ళకు రాళ్ళ మీద అక్కడక్కడ పగడాలు కనపడ్డాయి. దేవుడు నదితో చేసిన పని అది. మనం డ్రెడ్జర్‌తో చేస్తున్నాం. తేడా ఏందంటే నది వేల ఏండ్ల నుంచి అక్కడే పారుతుంది కాబట్టి అక్కడ దిబ్బ పుట్టనే లేదు. మనం పుట్టి పెరిగిన దిబ్బ మీద పోస్తాం.

దుబాయ్‌లో ఉన్నవాళ్ళకు పామ్ జుమైరా తెలుసు. 2001లో మొదలుపెట్టారు. 9 కోట్ల ఘనపు మీటర్ల పైన ఇసుక పట్టింది. ఎడారి దేశంలో ఇసుకకు కరువా అంటారేమో, ఎడారి ఇసుక గాలికి అరిగి గుండ్రంగా ఉంటది, పట్టు ఉండదు. అందుకని సముద్రం అడుగునుంచి తోడి, పైపులతో ఇంద్రధనుస్సులాగ చిమ్మి పోశారు. చిమ్మినప్పుడు బరువు ఇసుక అక్కడ పడుతది, మెత్తటి మడ్డి నీళ్ళలో తేలి కిలోమీటర్లు పోతది. జెబెల్ అలీ పక్కన లేపిన రెండో పామ్ అయితే అంతకుముందు పగడాలకు పేరున్న చోటనే లేచింది, అక్కడి దిబ్బలు ఇసుక కింద పడ్డాయి. ఒకవైపే చెప్పొద్దు గనక ఇది కూడా చెప్పాలి: దుబాయ్‌లో పాత బ్రేక్‌వాటర్ల రాళ్ళ మీద ఏండ్లు గడిచినాక పగడాలు బాగానే పట్టాయి. శాస్త్రవేత్తలు కొలిచి రాశారు. కానీ పాత దిబ్బ మీద బతికిన జీవులూ, రాళ్ళ కట్ట మీద బతికే జీవులూ ఒక్కటి కావు. ఊరు ముంచి ఆర్ అండ్ ఆర్ కాలనీ కట్టిస్తే పాత ఊరు వచ్చినట్టేనా, మిడ్ మానేరు కింద ఊరు పోగొట్టుకున్నోళ్ళను అడగండి.

నేను గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఒక ఒడ్డు పనిలో చార్జ్‌హ్యాండ్‌గా చేశా. కంపెనీ పేరు, ఊరి పేరు అక్కర్లేదు. పని చుట్టూ నీళ్ళలో సిల్ట్ కర్టెన్ కట్టి ఉండేది. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా: పైన తేలే బుంగలు, వాటికి వేలాడే మందపు గుడ్డ, కింద బరువుకు గొలుసు. బురద దాటకుండా నీళ్ళలో కట్టిన పరదా అన్నట్టు. మా దాంట్లో ఒక రిగ్గర్ ఉండేవాడు, కవిటి వైపు పెద్దమనిషి, పుట్టుకతో గంగపుత్రుడు. ఒకరోజు పొద్దున్నే నీళ్ళ వైపు చూసి నాతో అన్నాడు: "బాబూ, అటేపు సూడు, గెడ్డ నీరులాగ అయిపోనాది. పరదా కింద తెగిపోనాది. ఇంక సేప నిలవదు." నాకేం కనపడలేదు, నాకు అంతా నీళ్ళలాగనే ఉంది. ఆయనకు పడవలో కూర్చున్న కండ్లు. పోయి చూస్తే నిజంగానే ఒక చోట గొలుసు ఊడి, గుడ్డ పైకి తేలి, కిందినుంచి మడ్డంతా బయటికి పోతుంది. పైవాళ్ళకు చెప్పాం. "పని ఆపితే ఎవరు ఊరుకుంటారు, చూద్దాం" అన్నారు. తొమ్మిది రోజులు చూశారు. కన్సల్టెంట్ వస్తున్నాడని తెలిసిన రాత్రి ఫ్లడ్ లైట్లు పెట్టి మరీ కట్టించారు. రెండు గంటల పని.

ఆ రెండు గంటల లెక్క నా బుర్రలో ఉండిపోయింది.

మన దేశంలో ఇంకో రకం కథ జరిగింది. తమిళనాడులో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులు, వాటి చుట్టూ పగడాలు. అక్కడ ఏండ్ల తరబడి పగడాన్ని గడ్డపారలతో పెకిలించి పడవల్లో తెచ్చారు. దేనికంటే సున్నం బట్టీలకు, కట్టుబడికి. పగడం అంటే సున్నపురాయే కదా. 1986లో మెరైన్ నేషనల్ పార్క్ చేశాక కూడా చాటుగా నడిచింది. అడ్డం నిలిచే దిబ్బ పోయేసరికి అలలు నేరుగా దీవిని కోశాయి. పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు దీవులు నీళ్ళలో మునిగిపోయాయి. దీవులే పోయాయి! ఆ తర్వాత వాన్ దీవి దగ్గర సర్కారు కాంక్రీటు దిమ్మెలు దించి కృత్రిమ దిబ్బలు కట్టింది. ఫ్రీగా ఉన్న బ్రేక్‌వాటర్‌ను పీకి సున్నం చేసుకుని, తర్వాత డబ్బు పెట్టి కాంక్రీటుతో బ్రేక్‌వాటర్ కట్టుకున్నాం.

అమెరికాలో అన్నీ రూల్ ప్రకారం ఉంటాయనుకుంటాం. మయామీ పోర్టులో పెద్ద ఓడల కోసం 2013 నుంచి 2015 దాకా కాలువ లోతు చేశారు. కాగితాల మీద జాగ్రత్తలన్నీ ఉన్నాయి. తర్వాత శాస్త్రవేత్తలు లెక్క కట్టి 2019లో వేశారు: కాలువకు అరకిలోమీటరు లోపలే 5 లక్షల పైన పగడాలు ఒండ్రు వల్ల పోయి ఉంటాయని. అది ఫ్లోరిడా దిబ్బ. అమెరికా పెద్దభూమి పక్కన ఉన్న ఒకే ఒక్క పెద్ద పగడపు వరుస అది. రూల్ ఉండటం వేరు, పరదా గొలుసు ఊడిందా లేదా అని రోజూ పొద్దున చూసేవాడు ఉండటం వేరు.

ఇప్పుడు మా మోరిస్‌విల్ సంగతి. ఇక్కడినుంచి సముద్రం కారులో మూడు గంటల దాకా దూరం. కానీ మా సైట్ మీద పడ్డ వాన చుక్క ఏ దారిన పోతదో చెప్తా: క్రాబ్‌ట్రీ వాగు, దాని మీద క్రాబ్‌ట్రీ చెరువు, అక్కడినుంచి రాలీ దాటి న్యూస్ నది, నదినుంచి పామ్లికో సౌండ్ అనే ఉప్పునీటి కయ్య. అక్కడ ఉన్నవి పగడాలు కావు, ఆల్చిప్పల దిబ్బలు. పని మాత్రం అదే పని: చేపపిల్లలకు ఇల్లు, అలలకు అడ్డం. పైగా ఒక ఆల్చిప్ప రోజుకు 50 గ్యాలన్ల దాకా నీళ్ళు వడకట్టగలదు. వందేండ్లకు పైగా గీకి గీకి తిన్నారు, రోగం వచ్చింది, పైనుంచి మట్టి. ఇప్పుడు రాష్ట్రం వాళ్ళే పామ్లికోలో సున్నపురాళ్ళు, పాత కాంక్రీటు పైపులు దించి ఆల్చిప్పలకు మళ్ళీ పునాది వేస్తున్నారు. మన్నార్‌లో కాంక్రీటు, ఇక్కడా కాంక్రీటు.

ఇక్కడి నేల ఎర్రటి బంకమట్టి. మొదటిసారి చూసినప్పుడు ఇంటి మట్టే అనిపించింది. వాన పడితే ఆ నీళ్ళు రోజుల తరబడి తేరుకోవు. అందుకని 1973 నుంచే ఇక్కడ మట్టి బయటికి పోకుండా ఒక చట్టం ఉంది. ఎకరం, అంతకంటే ఎక్కువ నేల కదిలిస్తే ముందు ప్లాన్ ఇవ్వాలి. చుట్టూ సిల్ట్ ఫెన్స్ నిలబెట్టాలి, దాని అడుగు అంచు కందకం తవ్వి పూడ్చాలి. పూడ్చని ఫెన్స్ ఎందుకూ పనికిరాదు, కిందనుంచి నీళ్ళు నవ్వుకుంటూ పోతాయి. వారానికొకసారి తనిఖీ రాయాలి. ఒక్క రోజులో అంగుళం వాన పడితే 24 గంటల్లో మళ్ళీ తిరిగి చూడాలి. సైట్‌లో వాన కొలిచే గొట్టం పెట్టాలి. తప్పితే రోజుకు 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మా కుర్రాళ్ళకు పర్యావరణం అంటే ఆవలింతలు వస్తాయి గానీ ఆ అంకె చెప్తే లేచి కూర్చుంటారు.

ఇంకోటి నాకు భలే నచ్చింది. బురద నీళ్ళు తొందరగా తేరుకోవడానికి ఇక్కడ ఒక మందు వేస్తారు, సన్నటి మట్టిని ముద్దలు కట్టించి అడుగుకు దింపుతది. మొదటిసారి చూసి నాకు నవ్వొచ్చింది. మా నాయనమ్మ కుండలో చిల్లగింజ అరగదీసి వేసేది, పటిక తిప్పేది. అదే పని. ఇక్కడ దానికి సర్టిఫికెట్ కోర్సు ఉంది!

ఎండ గురించి రెండు మాటలు. నీళ్ళు మామూలు కంటే వేడెక్కి వారాల తరబడి అట్లనే ఉంటే పగడం ఒంట్లోని నాచును బయటికి గెంటేస్తది. రంగంతా ఆ నాచుదే గనక పగడం తెల్లగా అయిపోతది. తెల్లబడ్డ పగడం అప్పుడే చచ్చినట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు. నీళ్ళు చల్లబడితే నాచు తిరిగి వస్తది. గల్ఫ్ పగడాలు ప్రపంచంలోనే వేడికి ఆగే మొండివి. 2017 ఎండాకాలం గాలులు సరిగ్గా వీయక అబుదాబి దగ్గర వాటిక్కూడా సహించలేదు, నాలుగింట మూడొంతుల దాకా పోయాయి. ఎమిరేట్స్‌లో మీకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పని బంద్ ఉంది కదా, పాపం వాటికి అది కూడా లేదు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచం మొత్తం మీద నాలుగోసారి ఈ తెల్లబడటం నడుస్తుందని ప్రకటించారు. ఆ వేడిని మీరూ నేనూ ఆపలేం. కానీ జ్వరం వచ్చినోడి మొహం మీద దిండు పెట్టకుండా ఉండొచ్చు. తేట నీళ్ళలో ఉన్న పగడానికి తేరుకునే అవకాశం ఉంటది, బురదలో ఉన్నదానికి ఉండదు.

మరి మనం ఏం చెయ్యాలి? హెల్పర్‌గా ఉన్న తమ్ముడిని పోయి మేనేజర్‌తో కొట్లాడమని నేను చెప్పను. పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో నాకు తెలుసు. ఈ బరువు మోయాల్సింది చార్జ్‌హ్యాండ్, ఫోర్‌మన్, సూపర్‌వైజర్. అంటే నాలాంటోళ్ళు. వినేవాళ్ళలో అట్లాంటి అన్నలు చాలామందే ఉన్నారు. పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో హెల్మెట్, షూ అయినాక కర్టెన్ సంగతి ఒక్క నిమిషం అడగండి. ఊడితే సేఫ్టీ అబ్జర్వేషన్ కార్డు రాయండి, తారీఖు వేసి. కార్డు అంటే కంప్లైంట్ కాదు, రాస్తే లెక్క పెరిగిందని సేఫ్టీ ఆఫీసర్ సంతోషపడతాడు కూడా. మిక్సర్ కడిగిన నీళ్ళు వాన కాలువలో పోయనియ్యకండి. చాలా ఊళ్ళలో ఆ కాలువ నేరుగా సముద్రంలోకే పోతది, ఆ నీళ్ళ ఘాటు మీ చేతులు పగిలినప్పుడు చూశారు కదా. గుంత తీసి ప్లాస్టిక్ పరిచి అందులో కడిగించండి, ఎండినాక చెత్తలో వెయ్యొచ్చు.

పడవ పనిలో ఉన్నవాళ్ళకు ఒకటి. లంగరు దిబ్బ మీద వేస్తే వందేండ్ల పగడం ఒక్క గుంజుడుకు విరుగుతది. ఫ్లోరిడాలో కీ లార్గో దగ్గర జాన్ హాలస్ అనే ఆయన 1980ల మొదట్లో దీనికొక ఉపాయం చేశాడు. సముద్రం అడుగున రాతికి డ్రిల్లు కొట్టి, ఐబోల్ట్ దింపి, సిమెంటుతో బిగించి, దానికి తేలే తాడు కట్టి పైన బోయ్ పెట్టాడు. పడవలు లంగరు వెయ్యకుండా బోయ్‌కే కట్టుకుంటాయి. చూడండి, మనం రోజూ వేసే యాంకర్ బోల్టే! దాన్ని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. సముద్రాన్ని కాపాడటానికి పెద్ద సైంటిస్టే కానక్కర్లేదు, డ్రిల్లు పట్టడం వచ్చినోడు కూడా కావాలి.

చివరగా ఒక అక్క అడిగిన ప్రశ్న. వాళ్ళాయన మస్కట్‌లో, సెలవుకు వచ్చేటప్పుడు బీచ్‌లో దొరికిన పగడం ముక్క పాపకు తెస్తానన్నాడంట, తేవచ్చా అని. తేవద్దక్కా. దిబ్బలు కట్టే పగడాలను 2001లోనే మన వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పెట్టారు, పులి ఉన్న వరుసలో. దేశాలు దాటించడానికి పర్మిట్ కావాలి. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క అన్నా కస్టమ్స్ దగ్గర వినరు. నాలుగేండ్లకు ఇంటికి వచ్చే మనిషి ఎయిర్‌పోర్టులో ఆగిపోవడం ఎందుకు. నీళ్ళలో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి, పాప సంతోషపడుతది.

మీ సైట్‌లో సిల్ట్ కర్టెన్ ఎట్ల కట్టారో, ఎవరు చూస్తున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు, మీ పేరు చెప్పొద్దు. పని ఎట్ల ఉందో చెప్తే చాలు, వచ్చేసారి వాటినే ముందు పెట్టి మాట్లాడుకుందాం. ఉంటా మరి.